మేం మైనారిటీలమే కాదు, కూలీలం కూడా

ఈ దేశంలో ముస్లింని ప్రశ్నించని వాళ్లు లేరు. క్రికెట్‌లో పాకిస్తాన్ గెలిస్తే నీకు సంతోషమా అని అడుగుతారు. తలాక్ గురించి అడుగుతారు. బురఖా గురించి, బాబర్ గురించి, ఎక్కడో పేలిన బాంబు గురించి అడుగుతారు. జవాబు చెప్పేలోపే మార్కులు వేసేస్తారు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. నువ్వు ఏం పని చేస్తావు? రోజుకు ఎన్ని గంటలు చేస్తావు? కూలి ఎంత? అది చేతికి ఎప్పుడు వస్తుంది?

మా అస్తిత్వంలో సగం ఈ అడగని ప్రశ్నలోనే ఉంది. నమ్మకపోతే మా పేర్లు చూడండి. దూదేకుల అంటే దూది ఏకేవాళ్లు. పింజారి అన్నా, లద్దాఫ్ అన్నా అదే పని. నూర్‌బాష్ అని గౌరవంగా పిలిచినా వెనకున్నది అదే విల్లు, అదే నారి. 2007 చట్టంతో వచ్చిన బి.సి.-ఇ జాబితా తీయండి. అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, హజాములు, ఖురేషీలు, గారడీ ముస్లింలు, తురకకాశలు. బట్టల మీద అచ్చులు వేసేవాళ్లు, అత్తరు అమ్మేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, క్షవరం చేసేవాళ్లు, మాంసం కొట్టేవాళ్లు, రాయి కొట్టేవాళ్లు. ప్రభుత్వం మమ్మల్ని లెక్కబెట్టాల్సి వచ్చినప్పుడు మా పని పేరుతోనే లెక్కబెట్టింది. రాజకీయాలు మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం మాకు మతం తప్ప మరేం లేనట్టు మాట్లాడుతుంది.

అందుకే ఈ వ్యాసం మసీదు గురించి కాదు. మంగళగిరి గురించి, దాని చుట్టూ ఉన్న పత్తి, మిరప నేలల గురించి, ఆ నేలల మీదకు 'వస్తున్నాయి, వస్తున్నాయి' అని రోజూ చాటింపు వేస్తున్న విదేశీ పెట్టుబడుల గురించి.

* * *

పెట్టుబడి ఇక్కడికి 1991లో వచ్చిందని మా పత్రికల్లో రాస్తుంటారు. మరీ అంత చిన్న చరిత్ర కాదు మాది. ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' 1611లోనే మన తీరానికి వచ్చింది. మచిలీపట్నంలోనూ, నేటి బాపట్ల జిల్లా నిజాంపట్నంలోనూ కంపెనీవాళ్లు వర్తక స్థావరాలు పెట్టారు. వాళ్లొచ్చింది బట్ట కోసం. ఈ సీమ నేతగాడి చేతి కోసం, అద్దకంవాడి రంగు కోసం. అంటే మన దగ్గరికి అప్పట్లో వచ్చిన విదేశీ పెట్టుబడి మన మెహనత్‌ని వెతుక్కుంటూనే వచ్చింది. ఆ తర్వాత రెండు వందల ఏళ్లలో లాంకషైర్ మిల్లు బట్ట తెచ్చి, ఆ చేతినే పనికి రాకుండా చేసింది.

తర్వాత పత్తి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోతే, ఇంగ్లండు మిల్లులకు మన పత్తి మీద ప్రేమ పుట్టింది. గుంటూరు, కృష్ణా నేలల్లో పండిన పత్తికి లోకంలో ఏం పేరో తెలుసా? 'కోకనాడ' పత్తి. పండింది ఇక్కడ, ఓడ ఎక్కిన రేవు పేరు దానికి. పండించిన నేల పేరే దక్కనప్పుడు ఏరిన చేతి పేరు, ఏకిన చేతి పేరు ఎవరికి కావాలి? జిన్నింగు మిల్లులు వచ్చాయి, ప్రెస్సులు వచ్చాయి. దూదేకుల వాడి విల్లు పరుపుల దాకా కుదించుకుపోయింది. ఇప్పుడు ఆ పరుపుల్లోకీ స్పాంజి వచ్చింది. విల్లు అటక ఎక్కింది. పేరు మాత్రం ఒంటికి అంటుకునే ఉంది.

ఆ తర్వాత పొగాకు. బ్రిటిష్ అమెరికన్ టొబాకో వాళ్ల ఐ.ఎల్.టి.డి. కంపెనీ 1912లో ఏర్పడి గుంటూరు, చీరాల ప్రాంతాల్లో వేళ్లూనుకుంది. వర్జీనియా ఆకు, బ్యారన్లు, గ్రేడింగు. రైతుకు రొక్కం కనిపించింది, అది నిజం. ఆకును విడదీస్తూ ఆ ఘాటులో కూర్చున్న ఆడవాళ్లకు కనిపించింది సీజన్ కూలి. సీజన్ అయిపోతే కంపెనీ ఎవరో, వాళ్లెవరో.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, విదేశీ పెట్టుబడి అనేది మనం ఇంతవరకు ఎరగని అమృతం అన్నట్టు మాట్లాడేవాళ్ల కోసం. నాలుగు వందల ఏళ్లుగా మనకు దానితో పరిచయం ఉంది. అది ఏం ఇస్తుందో, ఏం తీసుకుంటుందో మా తాతల ఒళ్లు చెబుతుంది.

* * *

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోకెల్లా పెద్దదని గర్వంగా చెప్పుకుంటాం. తేజ రకం మిర్చి చైనాకు పోతుంది, ఇంకా ఎన్నో దేశాలకు పోతుంది. టిక్కీల లెక్క చెబుతారు, క్వింటాలు ధర చెబుతారు, ఎగుమతి డాలర్లు చెబుతారు. కాయకు తొడిమ తీసేది ఎవరు? ఆ ఘాటులో ముక్కుకు కొంగు కట్టుకుని, మండే వేళ్లతో కిలో లెక్కన పని చేసే ఆడవాళ్లు. వాళ్లలో మాల, మాదిగ వాడల ఆడవాళ్లుంటారు, బి.సి. ఆడవాళ్లుంటారు, మా గల్లీల నుంచి వచ్చిన బీబీలు, బేగంలు ఉంటారు. మిర్చి డాలరై పోతుంది. దగ్గు మాత్రం ఇక్కడే ఉంటుంది.

పరదా గురించి టీవీల్లో గంటలు గంటలు చర్చలు పెట్టే పెద్దలకు ఒక మనవి. మిర్చి ఘాటుకు ముఖం కప్పుకున్న ఆడమనిషి మీద ఒక్క చర్చ పెట్టండి. ఆ గుడ్డ ఆమెకు మతం కట్టింది కాదు. మాస్కు ఇవ్వాల్సిన వాడు ఇవ్వలేదు, అందుకు కట్టుకుంది.

* * *

ఇక రాజధాని. 2015లో మంగళగిరి, తాడేపల్లి, తుళ్లూరు మండలాల్లోని 29 గ్రామాల్లో భూసమీకరణ జరిగింది. నవులూరు, కురగల్లు, నిడమర్రు, కృష్ణాయపాలెం, ఎర్రబాలెం మా పక్క ఊళ్లే. ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు. అన్నం పెట్టే నేల ఇచ్చిన రైతుల త్యాగం, తర్వాత రాజధాని మార్పుతో వాళ్లు పడ్డ వేదన తక్కువ చేయను. వాళ్ల గురించి చాలా రాశారు, రాయాలి కూడా. నేను రాయని వాళ్ల గురించి రాస్తున్నాను.

భూమి ఇచ్చిన రైతుకు ఎకరానికి ఏడాదికి మెట్టకు 30,000, జరీబుకు 50,000 రూపాయల కౌలు అన్నారు. అది పదేళ్లు. మెట్టకు ఏటా 3,000, జరీబుకు ఏటా 5,000 పెంపు కూడా రాసుకున్నారు. ధరలు పెరుగుతాయి కదా, న్యాయమే. మరి ఆ జరీబు నేలల్లో ఏడాది పొడుగునా పని దొరికిన కూలీ సంగతి? అరటి, కూరగాయలు, పూలు పోయాక అతని చేతికి పనేది? భూమి లేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. రోజుకు 83 రూపాయలు. మనిషికి కాదు, కుటుంబం మొత్తానికి. దానికి ఏటా పెంపు రాయలేదు. 2024లో ఎన్నికల ముందు 5,000 చేసేదాకా తొమ్మిదేళ్లు అది అక్కడే నిలబడింది. అంటే ఏమనుకున్నారు? భూమి ఉన్నవాడి ఇంట్లోనే ధరలు పెరుగుతాయి, కూలీ ఇంట్లో పెరగవు అనా?

ఈ తేడా పొరపాటున రాలేదు. భూమికి పత్రం ఉంటుంది. పత్రం ఉన్నవాడితో ఒప్పందం చేసుకుంటారు. చెమటకు పత్రం ఉండదు, కాబట్టి చెమట పోగొట్టుకున్నవాడికి దానం చేస్తారు. ఒకటి హక్కు, ఇంకొకటి ఖైరాత్. తరతరాలుగా భూమి దక్కని కులాల వాళ్లు, మా నూర్‌బాష్‌లు, మా షేక్‌లు ఈ రెండో వరసలోనే నిలబడ్డారు.

అప్పట్లో సింగపూర్ కంపెనీలు 1,691 ఎకరాల్లో స్టార్టప్ ప్రాంతం కడతామన్నాయి. 2019లో ప్రభుత్వం మారింది, ఆ ఒప్పందం రద్దయింది. ప్రపంచ బ్యాంకు ముందు 2017లోనే ఇక్కడి వాళ్లు ఫిర్యాదు పెట్టారు. 2019లో 300 మిలియన్ డాలర్ల అప్పు ప్రతిపాదన వెనక్కు పోయింది. 2024 డిసెంబరులో అదే బ్యాంకు 800 మిలియన్లు మంజూరు చేసింది, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇంకో 788.8 మిలియన్లు. పెట్టుబడి రావచ్చు, పోవచ్చు, మళ్లీ రావచ్చు. దానికి వీసా అక్కర్లేదు. కడప నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడమనిషికి వీసా కావాలి, ఏజెంటు కావాలి, పాస్‌పోర్టు సేఠ్ చేతిలో పెట్టాలి. డబ్బు దేశాలు దాటితే స్వాగత తోరణాలు, కూలీ దాటితే అనుమానాలు. గ్లోబలైజేషన్ అంటే మాకు అర్థమైంది ఇంతే.

* * *

2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజువారీ పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచే సవరణను ఆమోదించింది. అయిదు గంటలకు ఇవ్వాల్సిన విరామం ఆరు గంటలకన్నారు. మూడు నెలలకు 75 గంటల ఓవర్‌టైము పరిమితి 144 గంటలైంది. ఆడవాళ్లకు రాత్రి షిఫ్టులు తెరిచారు. చెప్పిన కారణం ఒకటే, పెట్టుబడులు వస్తాయని.

వారానికి 48 గంటలు మారలేదు కదా అంటారు. కాగితం మీద నిజమే. కానీ రోజుకు పది గంటల పనిలో రాకపోకలు రెండు గంటలు కలపండి. ఇంటికొచ్చి వంట, నీళ్లు, పిల్లలు కలపండి. ఓవర్‌టైము 'ఇష్టముంటేనే' అన్నమాట కలపండి. కాంట్రాక్టరు దగ్గర ఇష్టం లేదన్న కూలీని మర్నాడు గేటు దగ్గర చూశారా ఎప్పుడైనా? రంజాన్ నెలలో తెల్లవారుజామున సహరీ చేసి, పది గంటలు మిషను ముందు నిలబడి, ఇఫ్తార్ వేళకు ఇంకా షిఫ్టులోనే ఉండే మనిషి గురించి ఈ సవరణ రాసినవాళ్లు ఒక్క నిమిషం ఆలోచించి ఉంటారా? ఇఫ్తార్ విందుల్లో టోపీ పెట్టుకుని ఫొటో దిగడం తేలిక. అదే మనిషికి ఆ వేళ అరగంట విరామం హక్కుగా రాయడం కష్టం.

2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. 300 మంది లోపు పనిచేసే ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసేయడానికి, మూసేయడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. అంతకుముందు ఆ గీత 100 దగ్గర ఉండేది. సమ్మె చేయాలంటే 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇన్‌స్పెక్టర్ పేరు పక్కన ఇప్పుడు 'ఫెసిలిటేటర్' అని తోక తగిలించారు. తనిఖీకి వచ్చేవాడు ఇక సహాయకుడన్నమాట. ఎవరికి సహాయకుడో పేరులో చెప్పలేదు.

తనిఖీ సడలితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో దక్షిణ కొరియా వాళ్ల ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లోకి వచ్చింది. 12 మంది చనిపోయారు. కావలసిన పర్యావరణ అనుమతి లేకుండానే ఆ ఫ్యాక్టరీ నడిచిందన్న సంగతి శవాలు లేచాక బయటపడింది. అచ్యుతాపురంలో శ్రీలంక బ్రాండిక్స్‌కు వెయ్యి ఎకరాలిచ్చారు. అరవై వేల ఉద్యోగాలన్నారు, ఆ లెక్కకు చాలా దూరంలోనే ఆగిపోయింది. 2022లో ఆ ఆవరణలోని ఒక కంపెనీలో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి విషవాయువు కమ్మి, వందల మంది ఆడపిల్లలు ఊపిరాడక ఆస్పత్రుల పాలయ్యారు. ఒకసారైతే ప్రమాదమనుకుందాం. రెండు నెలలకే రెండోసారి జరిగితే దాన్ని ఏమనాలి?

* * *

ఇప్పుడు మా పెద్దలతో రెండు మాటలు.

ఎన్నికలొస్తే మీరు అడిగే జాబితా మాకు కంఠతా వచ్చు. షాదీఖానా, ఖబరస్తాన్ గోడ, ఇమాముల గౌరవ వేతనం, హజ్ హౌస్. అవన్నీ కావాలి. కాదనను. పెళ్లికి, చావుకి మధ్య మనిషి బతకాలి కదా, ఆ బతుకు గురించి ఒక్క డిమాండు ఆ జాబితాలో ఎందుకు లేదు? చెమట ఆరకముందే కూలి ఇమ్మన్న ప్రవక్త మాటను జుమా బయాన్లలో వింటూనే ఉన్నాం. ఆ మాటను పట్టుకుని ఏ జమాతైనా లేబర్ ఆఫీసు గుమ్మం ఎక్కిందా?

ముస్లిం పెట్టుబడి అయితే మంచిది, మనవాడి ఫ్యాక్టరీ అయితే మన పిల్లలకు మేలు అనే మాట కూడా వింటున్నాను. కరాచీ బల్దియాలో 2012 సెప్టెంబరు 11న అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీ తగలబడింది. 250 మందికి పైగా చనిపోయారు. నిప్పు పెట్టిందెవరన్నది అక్కడి కోర్టుల్లో వేరే కథ. కిటికీలకు ఊచలు, తలుపులకు తాళాలు ఉన్నాయన్నది అసలు కథ. కొద్ది వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి అంతర్జాతీయ ప్రమాణాల సర్టిఫికెట్ దక్కింది. జీన్స్ పోయేవి జర్మనీకి. ఢాకా పక్కన 2013 ఏప్రిల్ 24న రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. గోడలు పగిలాయని ముందురోజే తెలిసింది. కింది అంతస్తుల్లో బ్యాంకు మూశారు, దుకాణాలు మూశారు. బట్టలు కుట్టేవాళ్లను మాత్రం లోపలికి పంపారు. యజమానిదీ కూలీదీ ఒకే కల్మా. తాళం వేసేటప్పుడు ఆ కల్మా ఎవరికీ గుర్తు రాలేదు.

సెక్యులర్ మిత్రులతోనూ నాకు తగువుంది. కార్మికుడికి మతం లేదని మీరంటారు. వినడానికి బాగుంటుంది. కానీ పని దొరికే చోట పేరు అడుగుతారు, అద్దెకు ఇల్లు అడిగితే వంటిల్లు అడుగుతారు. ముస్లింలు స్థిరమైన జీతపు ఉద్యోగాల్లో తక్కువగా, సొంత చిల్లర పనుల్లో, ఇంటి దగ్గర చేసే పీసు పనుల్లో ఎక్కువగా ఉన్నారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఇంట్లో కూర్చుని గుండీలు కుట్టే ఆడమనిషికి గేటు లేదు, గేటు మీటింగు లేదు, జెండా లేదు. మీ యూనియన్ ఆమె గడప దాకా రాలేదు. మమ్మల్ని సభలకు పిలుస్తారు, మత సామరస్యం మీద మాట్లాడమంటారు. మాకు బువ్వ మీద కూడా మాట్లాడటం వచ్చు, ఒకసారి ఆ సభకు పిలిచి చూడండి.

రిజర్వేషన్ ఉంది కదా అనేవాళ్లున్నారు. నాలుగు శాతం. 2010 నుంచీ సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తున్న నాలుగు శాతం. అది ప్రభుత్వ కొలువుల్లో, చదువుల్లో. కొలువులన్నీ కాంట్రాక్టుకూ, పొరుగు సేవలకూ పోతుంటే, వచ్చే కంపెనీల్లో ఆ శాతం లేనే లేకపోతే, మా చేతిలో ఉన్నది ఎందులో నాలుగు శాతం? ఎండిపోయే చెరువులో మా వాటా కోసం కోర్టుల్లో పోరాడుతున్నాం. పారే కాలువ మీద మాకు హక్కే రాయలేదు.

* * *

అయితే పెట్టుబడి వద్దంటావా, మన పిల్లలకు ఉద్యోగాలొద్దా అని నిలదీస్తారు. ఉద్యోగం వద్దని కూలీ ఎన్నడూ అనలేదు. ఆకలి తెలిసినవాడు అనడు కూడా. షరతులు పెడితే పెట్టుబడి పారిపోతుందనే బెదిరింపునే నేను ఒప్పుకోను. రానా ప్లాజా తర్వాత అదే 2013లో బంగ్లాదేశ్‌లో విదేశీ బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి చట్టబద్ధమైన ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఫ్యాక్టరీలను స్వతంత్రంగా తనిఖీ చేశారు. లోపాలు బయట పెట్టారు, సరిదిద్దించారు. అంత చేసినా బట్టల ఎగుమతులు తగ్గలేదు, ఆ తర్వాతి ఏళ్లలో పెరిగాయి. వెయ్యి మంది చచ్చాక రాసిన షరతు, చావకముందు రాస్తే తప్పేమిటి?

కాబట్టి మేం అడిగేది ఇది. భూమి ఇచ్చేముందు కంపెనీతో రాసుకునే ఒప్పందం బయట పెట్టండి. ఎన్ని ఎకరాలు, ఎంత రాయితీ అన్న లెక్క పక్కనే ఎన్ని ఉద్యోగాలు, ఎంత జీతం, ఎన్ని గంటలు అన్నది రాయండి. రాసినన్ని ఇవ్వకపోతే భూమి వెనక్కు తీసుకోండి. ఎనిమిది గంటలు ఎనిమిది గంటలుగానే ఉంచండి. ప్రభుత్వ రాయితీ తిన్న ప్రతి కంపెనీలో దళితులకు, ఆదివాసులకు, బి.సి.లకు, ముస్లింలకు వాటా ఇవ్వండి. తొడిమలు తీసే మనిషికి, గుండీలు కుట్టే మనిషికి కార్మికురాలన్న గుర్తింపు కార్డు ఇవ్వండి. భూమి పోయినవాడి కౌలు ఎలా పెరుగుతుందో పని పోయినవాడి పింఛను కూడా అలాగే ఏటా పెరగాలి.

ఇవి ముస్లిం డిమాండ్లు కావంటారేమో. సరిగ్గా అందుకే ముస్లింలమైన మేం ఇవి అడుగుతున్నాం. మా కోసం మేం అడిగే ప్రతిదీ మసీదు ఆవరణలోనే పుట్టాలని ఎవరు రాసిపెట్టారు? దూది ఏకినా, రాయి కొట్టినా, మిరపకాయ తొడిమ తీసినా మా చేతి మీద పడ్డ కాయ అందరి చేతుల మీద పడే కాయలాంటిదే. ఈసారి మా దేశభక్తి గురించి అడగాలనిపిస్తే ముందు ఆ చెయ్యి పట్టుకుని చూడండి. దాని మీద ఈ దేశం ఎన్ని గంటలు నడిచిందో లెక్క అందులోనే ఉంది.